యాప్‌కి ఒక మార్కు, బీపీ మిషను పక్కన కూర్చున్నామెకి నాలుగున్నర

భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో నేను వెల్ఫేర్ ఆఫీసర్‌ని. పదకొండేళ్లుగా ఇదే పని. ఉద్యోగుల ఒత్తిడి తగ్గించే ప్యాకేజీ అంటూ ఒకదాన్ని మా యాజమాన్యం మూడు నెలలకి కొంది. 2025 అక్టోబరు 10న మొదలైంది, సంక్రాంతి ముందు అయిపోయింది. మళ్లీ కొనాలో వద్దో రాసిమ్మని ఎండీ గారు అడిగితే ఒక పేజీ రాసిచ్చాను. ఆ పేజీలో పట్టనిదంతా ఇక్కడ రాస్తున్నాను. రేపు మీ ఆఫీసుకీ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ పట్టుకుని వస్తారు.

అమ్మిన కంపెనీ పేరు రాయను. కొనేముందు ముగ్గురి సరుకు చూశాను, మూడూ ఒక్కలాగే ఉన్నాయి: ఒక యాప్, మాట్లాడటానికి ఒక ఫోన్ నంబరు, రెండు వర్క్‌షాపులు, ఫ్యాక్టరీకి వచ్చి కూర్చునే కౌన్సెలర్ రెండుసార్లు, ఆఖర్న ఒక రిపోర్టు. మా ఫ్యాక్టరీ పేరు కూడా రాయను. నాకు ఉద్యోగం కావాలి.

ఎందుకు కొన్నారో దాచడం దేనికి? ఆడిట్ కోసం. విదేశాల్లో మా రొయ్యలు కొనేవాళ్లు ఏటా మనుషుల్ని పంపి మరుగుదొడ్లు లెక్కపెట్టిస్తారు, వయసు ధ్రువీకరణలు చూపించమంటారు. ఈసారి వాళ్ల ప్రశ్నల్లో "ఉద్యోగుల మానసిక ఆరోగ్యానికి ఏం చేస్తున్నారు?" అని కొత్తగా ఒకటి వచ్చింది. దానికెదురుగా మా దగ్గర రాసుకోడానికి ఏమీ లేదు. తలకి నెలకి 60 రూపాయల లెక్కన, 400 మందికి, మూడు నెలలకి 72,000 అయింది, జీఎస్టీ కాక. మా ఎండీ గారు చెడ్డవారేమీ కాదు, ఆడిట్ కోసం కొన్నా పనికొస్తే పనికొచ్చిందేగా అన్నారు. అదీ నిజమే.

కొన్న సమయం చూడండి. ఆగస్టులో అమెరికా మన సరుకు మీద ముందు 25 శాతం సుంకం వేసింది, 27వ తేదీ నుంచి 50 చేసింది. మా రొయ్యల్లో ఎక్కువ భాగం పోయేది అక్కడికే. ఎగుమతి తగ్గింది, చెరువు గట్టు మీద ధర పడింది, పట్టుబడులు, అంటే చెరువుల్లో రొయ్యలు పట్టడం, వాయిదా పడ్డాయి, ఫ్యాక్టరీకి వచ్చే రొయ్యల లోడు తగ్గింది. పీలింగ్ షెడ్‌లో రొయ్యలు వలిచేవాళ్లకి జీతం ఉండదు, కిలోకి ఇంత. లోడు లేకపోతే కూలి లేదు. కూలి ఉన్నా లేకపోయినా డ్వాక్రా వాయిదా మాత్రం ఆగదు. కాళ్ల, ఆకివీడు, ఉండి, వీరవాసరం వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చే ఆడవాళ్లు మూడొందల పైనే. వాళ్ల టెన్షన్ ఎక్కడుందో కనుక్కోడానికి యాప్ అక్కర్లేదు, బస్సులో ఒక ట్రిప్పు ఎక్కితే చాలు. కానీ నేనూ ఆ బస్సు ఎప్పుడూ ఎక్కలేదు. నా స్కూటీ మీద వస్తాను.

ముందు యాప్ సంగతి. లోపలికి వెళ్లేటప్పుడు మావాళ్లు గాజులు, ఉంగరాలు, ఫోన్లు లాకర్లో పెట్టాలి. రొయ్యలో గాజు ముక్క పడితే కంటైనరు మొత్తం వెనక్కొస్తుంది, అందుకే ఆ నియమం. అంటే షిఫ్ట్ అంతా ఫోన్ చేతిలో ఉండదు. "రోజుకి మూడుసార్లు మీ మూడ్ నమోదు చేయండి" అని యాప్ అడిగేది లాకర్‌ని. ఇది కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, నేను అడగలేదు. చాలామంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒకటే ఉంటుంది, అదీ కొడుకు దగ్గర. ఒకావిడ కొడుకు తల్లి పేరుతో లాగిన్ అయి, నవ్వే బొమ్మలన్నీ వరసగా నొక్కి, రోజుకిన్ని పాయింట్లు సంపాదించాడు. రిపోర్టులో ఆవిడ మా ఫ్యాక్టరీలోకెల్లా సంతోషంగా ఉన్న మనిషి.

తెలుగు గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మావాళ్లు ఒత్తిడి అనరు. "గుండె దడగా ఉందండి", "బుర్ర పనిచేయట్లేదండి", "అన్నం సయించట్లేదు" అంటారు. యాప్‌లో ఏముందంటే "మీ భావోద్వేగ స్థితిస్థాపకతను పెంపొందించుకోండి". నేను ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చదివినదాన్ని, నాకే రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు.

అందులో తొమ్మిది ప్రశ్నల పరీక్ష ఒకటుంది. డాక్టర్లు కుంగుబాటు అంచనా వేయడానికి వాడే పీహెచ్‌క్యూ-9 అదే. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారని అడుగుతుంది, ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి మూడు, మొత్తం 27. పరీక్ష మంచిదే. కానీ నైట్ షిఫ్ట్ చేసేవాళ్లని నిద్ర ఎలా పడుతోందని అడిగితే అందరూ మూడే పెడతారు కదా. అదీ పోనీ. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనలు వస్తున్నాయా అన్నది. ఏం చూపిస్తుందో చూద్దామని నా ఫోన్‌లో నేనే "దాదాపు ప్రతిరోజూ" నొక్కాను. నాలుగు సెకన్లు పీల్చి నాలుగు సెకన్లు వదలమని ఒక నీలం గుండ్రం వచ్చి ఉబ్బుతూ తగ్గుతూ కూర్చుంది. ఒక ఫోన్ నంబరు లేదు, ఒక మనిషి తిరిగి ఫోన్ చేయడమూ లేదు. ఆ రోజే కంపెనీకి మెయిల్ పెట్టాను. వారంలో మార్చారు, అది ఒప్పుకోవాలి. కానీ నేను నొక్కకపోతే? ఎవరైనా ఇలాంటి యాప్ కొంటుంటే, డబ్బు కట్టకముందే తొమ్మిదో ప్రశ్నకి మూడు నొక్కి చూడండి.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురానికి దగ్గర్లో తీరం దాటింది. తెల్లారేసరికి మా వీధిలో కరెంటు లేదు, చెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. చెరువులున్నవాళ్లు ఏరియేటర్లు, నీళ్లలో గాలి కలిపే చక్రాలు, తిరగడానికి డీజిల్ కోసం పరిగెడుతున్నారు. ఫోన్‌లో మిగిలింది పదకొండు శాతం ఛార్జింగ్. అప్పుడు యాప్ నుంచి మెసేజ్: "శుభోదయం! ఈరోజు మీరు కృతజ్ఞతతో ఉన్న మూడు విషయాలు రాయండి." మా ఆయన చదివి, పైకప్పు ఉంది కదా, ఒకటి రాసెయ్ అన్నారు.

యాప్‌కి ఐదుకి ఒకటి. ఆ ఒకటీ మెయిల్‌కి వారంలో పలికినందుకు.

వర్క్‌షాపులు రెండు జరగాలి, ఒకటే జరిగింది. అది కార్తీక సోమవారం పెట్టారు. తేదీ ఖరారు చేసింది హైదరాబాద్‌లో కూర్చున్నవాళ్లు, సరే అన్నది మా ప్రొడక్షన్ వాళ్లు, ఆ రోజు లోడు తక్కువని. సగంమంది ఉపవాసం. పొద్దున్నే గునుపూడి సోమారామంలో దీపం పెట్టి వచ్చినవాళ్లూ ఉన్నారు. శిక్షకుడు పాపం మంచి కుర్రాడు, మొలకలు, పళ్లు డబ్బాల్లో పెట్టి తెచ్చాడు, తినండి తినండి అని తిరిగాడు. ఆ తర్వాత గట్టిగా నవ్వే వ్యాయామం చేయించాడు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు, వ్యాయామానికి కాదు, ఆ అబ్బాయిని చూసి. "కళ్లు మూసుకుని దీర్ఘంగా ఊపిరి పీల్చండి" అన్నప్పుడు వెనకనుంచి ఒకావిడ, "పీలిస్తే క్లోరిన్ వాసనే కదండీ బాబూ" అంది. గంటన్నర కూర్చున్నందుకు కూలి కట్టి ఇవ్వాలని నేను పట్టుబట్టి ఇప్పించాను. కిలో లెక్క మనిషికి గంటన్నర ఊరికే కూర్చోబెట్టడమంటే అదో కొత్త టెన్షన్.

ఫోన్ కౌన్సెలింగ్ బాగుంది, వేళలే బాగోలేదు. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఏడు వరకు. మా నైట్ షిఫ్ట్ వాళ్లు ఆరింటికి దిగి, ఇంటికెళ్లి, పిల్లల్ని బడికి పంపి పడుకునేది ఆ వేళలోనే. అందుకే టెలీ మానస్ నంబరు 14416ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి బస్సుల్లోనూ ఆడవాళ్ల గది తలుపు లోపలివైపూ అంటించాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆడిట్ వాళ్లకి చూపించుకోడానికైనా, నిజంగా వాడుకోడానికైనా పైసా ఖర్చు లేనిది ఇదే. తలుపు లోపలివైపు ఎందుకంటే, బయట అంటిస్తే ఎవరు రాసుకుంటున్నారో అందరూ చూస్తారు.

కంపెనీ ఫోన్ నేనూ వాడాను. నవంబరులో ఒక వారం లోడు పడిపోయి, ఎనభై మందిని నాలుగు రోజులు రావొద్దని చెప్పాల్సి వచ్చింది. చెప్పాల్సింది నేనే. పైవాళ్లకి నేను కిందవాళ్ల మనిషిని, కిందవాళ్లకి పైవాళ్ల మనిషిని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాను. అవతలామె సలహాలేమీ ఇవ్వలేదు. చాలాసేపు విని, "రాత్రి ఎన్నింటికి ఫోన్ పక్కన పెడతారండీ?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. సూపర్‌వైజర్ల గ్రూపులో పదకొండు దాటాక బస్సు నంబర్లు, ఎవరు రాలేదు, మేస్త్రి ఎంతమందిని పంపుతాడు, అన్నీ నడుస్తాయి. ఏ మెసేజ్‌లో ఏం మునిగిపోతుందో అని ప్రతి టింగుకీ లేస్తాను. నిజంగా అవసరమైనవి వారంలో ఎన్ని ఉంటాయని అడిగింది. లెక్కేస్తే రెండు. రాత్రి తొమ్మిది దాటితే మెసేజ్ పెట్టొద్దు, అర్జెంటైతే ఫోన్ చేయండని గ్రూపులో చెప్పాను. మొదటి వారం ఇద్దరికి కోపం వచ్చింది. ఆ తర్వాత నెలలో వచ్చిన ఫోన్లు మూడు. ఫోన్ సేవకి ఐదుకి మూడున్నర. వేళలు మారిస్తే నాలుగు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. కౌన్సెలర్ మొదటిసారి వచ్చిన రోజు కూర్చోబెట్టడానికి గది దొరకలేదు. మీటింగ్ రూమ్‌లో ఆడిట్ ఫైళ్లు పరిచి ఉన్నాయి. చేసేది లేక ఫస్ట్ ఎయిడ్ గదిలో, నర్సు బల్ల పక్కన ఒక కుర్చీ వేసి, మధ్యలో తెర కట్టాం. నాకు చాలా చిన్నతనం అనిపించింది. టీ టైమ్‌లో వీరవాసరం నుంచి వచ్చే ఒక పెద్దామె తొంగి చూసి, "అమ్మాయ్, బీపీ చూసేది నువ్వేనా?" అంది. "ఆవిడ చూస్తారు పెద్దమ్మా, ఈలోగా ఇలా కూర్చోండి" అంది కౌన్సెలర్. పది నిమిషాలనుకున్నది ముప్పై అయింది. ఆవిడ బయటికొచ్చి షెడ్‌లో ఏం చెప్పిందో తెలీదు గానీ, సాయంత్రానికి బీపీ చూపించుకోడానికి పాతికమంది దాకా వచ్చారు. అంతకుముందు నెలంతా కలిపి నర్సు దగ్గరికి వచ్చింది ఆరుగురు.

డిసెంబరులో రెండోసారి వచ్చినప్పుడు మర్యాదగా ఉండాలని మీటింగ్ రూమ్ ఖాళీ చేయించాం. ఏసీ వేశాం, తలుపు మీద "కౌన్సెలింగ్" అని బోర్డు పెట్టాం. మధ్యాహ్నం దాకా ఒక్కరు రాలేదు. ఆ తలుపు తోసుకుని లోపలికెళితే "దానికేదో అయింది" అని బస్సులో మాట పుడుతుంది. బీపీకైతే ఎవరైనా వెళ్లొచ్చు. మధ్యాహ్నం నుంచి మళ్లీ తెర పక్కకే మార్చాం. ఇది మేం ఆలోచించి చేసింది కాదు, గది లేక జరిగింది. ప్యాకేజీ మొత్తంలో దీనికే ఐదుకి నాలుగున్నర. ఆ తక్కువైన అర, తెర పల్చనైనందుకు.

రిపోర్టు పద్నాలుగు పేజీలు. మొదటి పదమూడూ పచ్చ, పసుపు గుండ్రాలు. "62 శాతం మంది పాల్గొన్నారు" అని ఉంది. ఏమిటా అంటే ఒక్కసారైనా యాప్ తెరిచినవాళ్లట. ఇందులో ఒక పేజీ నన్ను నిజంగా భయపెట్టింది. విభాగాల వారీగా సగటు మూడ్ వేశారు, అందులో ప్యాకింగ్ నైట్ షిఫ్ట్ ఎర్రగా ఉంది. ఆ షిఫ్ట్‌లో యాప్ వాడింది నలుగురే. మా ప్రొడక్షన్ మేనేజరు గారు చూసి, "ఏమ్మా, ఈ నలుగురిలో ఎవరంటావు?" అన్నారు. ఆయన మంచికే అడిగి ఉండొచ్చు. నేను ల్యాప్‌టాప్ మూసేశాను. పేర్లు రాకుండా ఉన్నంత మాత్రాన గుట్టు నిలిచినట్టు కాదు. పదిమంది కన్నా తక్కువున్న విభాగాన్ని విడిగా చూపకూడదని తర్వాత ఒప్పించి మార్పించాను. అది ఒప్పందంలో ముందే రాయించుకోవాల్సింది.

పద్నాలుగో పేజీ కౌన్సెలర్ స్వయంగా రాసింది. గుండ్రాలు లేవు, పేర్లు లేవు, మాటల్లో ఐదు సంగతులు. మొదటిది: పొద్దున్నే ఐదింటికి బస్సెక్కి వచ్చాక లోడు లేదని వెనక్కి పంపడం. రెండోది: రోజంతా నిలబడే ఉండటం, కూర్చోడానికి ఏమీ లేకపోవడం. మూడు: ఏ కౌంటు వచ్చింది (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), కిలో రేటెంత అన్నది పని మొదలెట్టేముందు చెప్పకపోవడం. నాలుగోది ఒక సూపర్‌వైజర్ నోటి దురుసు. ఐదోది వారం వారం వచ్చే ఫైనాన్స్ వాళ్లు. దాన్ని మేం ఏం చేయలేం.

ఆ మొదటిది చదివి సిగ్గేసింది. మర్నాడు లోడు ఉందో లేదో మా కొనుగోలు విభాగానికి దాదాపు ప్రతిసారీ ముందు రోజు సాయంత్రం ఐదింటికే తెలుస్తుంది. రైతుతో, ఏజెంటుతో మాటైపోతుంది కదా. ఆ మాట రెండు గదులు దాటి నా దాకా రాదు, నా దగ్గర్నుంచి బస్సు డ్రైవర్ దాకా పోదు. రాబర్ట్ కరాసెక్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1979లో చెప్పిందాన్ని ఎంఎస్‌డబ్ల్యూలో బట్టీ పట్టాను: పని భారం ఎక్కువై, ఆ పని మీద తన మాటేమీ చెల్లని చోట మనిషి ఎక్కువ నలిగిపోతాడని. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. చీకట్లో బస్‌స్టాపులో క్యారేజీ పట్టుకుని నిలబడ్డ మనిషికి రేపటి కూలి ఉందో లేదో తెలియకపోవడం అదేనని పదకొండేళ్లు తట్టలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరింటికి ఊరికొక గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడుతున్నాను, చదవడం రానివాళ్లు ఉన్నారు కాబట్టి. "రేపు లోడు ఉంది, 40 కౌంటు, రేటు ఇంత" లేదా "రేపు లేదు". నిమిషం పని. అప్పుడప్పుడు తప్పుతుంది, రాత్రికి రాత్రి వాన పడి పట్టుబడి ఆగిపోతుంది. అలా తప్పిన రోజు వచ్చినవాళ్లకి సగం కూలి ఇవ్వాలని అడిగాను. ఎండీ గారు ఇంకా ఏమీ అనలేదు.

రాసిచ్చేముందు కొంచెం చదివాను కూడా. ఆక్స్‌ఫర్డ్‌లో విలియమ్ ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు బ్రిటన్‌లోని 233 సంస్థల్లో 46,336 మంది సమాధానాలు తీసుకుని చూస్తే, యాప్‌లు, ధ్యానం, ఒత్తిడి తట్టుకునే శిక్షణ వంటివి తీసుకున్నవాళ్లు తీసుకోనివాళ్ల కన్నా మెరుగ్గా ఏమీ లేరు. 2024లో అచ్చయింది. ఒకే సమయంలో తీసిన ఫొటో లాంటి పరిశీలన అది, ఆఖరి మాట కాదు. అయినా మా పద్నాలుగు పేజీలతో సరిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పని జరిగే తీరు మార్చడం, మేనేజర్లకి శిక్షణ ఇవ్వడం కూడా ఉన్నాయి. మేం కొన్న ప్యాకేజీలో మేనేజర్లకి ఒక్క గంట కూడా లేదు. నాలుగో సంగతికి, అదే నోటి దురుసుకి, పనికొచ్చేది అదే. ఆ సూపర్‌వైజర్‌తో నేనే కూర్చుని మాట్లాడాను. ఆయనకీ రాత్రి పదకొండు దాకా ఫోన్లేనట.

ఎండీ గారికి రాసిచ్చింది ఇది: యాప్ వద్దు, వర్క్‌షాపులు వద్దు, పచ్చ గుండ్రాలు వద్దు. కౌన్సెలర్ ఒక్కరే నెలకి రెండు రోజులు రావాలి, ఫస్ట్ ఎయిడ్ గదిలోనే, మందపాటి తెరతో. అమ్మిన కంపెనీ ముందు అలా విడిగా ఇవ్వం అంది. రెండు ఫోన్లు, ఒక మెయిల్ తర్వాత నెలకి 9,000కి ఒప్పుకుంది. యాప్ ఉచితంగా ఉంచుతామన్నారు. ఉచితమైనా వద్దన్నాను, ఆ నలుగురి సంగతి గుర్తొచ్చి. ఆరు నెలలకి సంతకమైంది.

ఇక రెండో సంగతి, స్టూళ్లు. నిలబడి పనిచేసేవాళ్లకి వీలు దొరికినప్పుడు కూర్చోడానికి ఏర్పాటు ఉండాలని పాత 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాసి ఉండేది. అదీ నేను బట్టీ పట్టినదే. చెక్కవి షెడ్‌లోకి రానివ్వరు, ప్లాస్టిక్‌వి తడి నేల మీద జారిపోతున్నాయి. స్టీలువి భీమవరంలో ఒక వెల్డింగ్ షాపులో చేయిస్తున్నాం. నలభై చెప్పాం, పండగ ముందు ఇరవై వచ్చాయి. పండక్కి వెళ్లిన కుర్రాళ్లు ఇంకా పనిలోకి రాలేదట, మిగతా ఇరవై ఎప్పుడంటే షాపాయన "ఈ వారమేనండి" అంటున్నారు. అప్పటిదాకా పూటకొకరు కూర్చునేలా ఆడవాళ్లే వంతులేసుకున్నారు, ఆ వంతుల చీటీలో నా పేరు లేదు, నన్ను అడగనూ లేదు.